రిబ్బను కట్టుకున్న పిల్ల పేరు

"మూడో అబ్బాయి పేరు తప్పండీ."

నిచ్చెన మీదున్న అకైతీ గిరుక్కున తిరిగి చూసింది. గుమ్మంలో పాతికేళ్ళ యువకుడు నిలబడి ఉన్నాడు. చేతిలో చెప్పులు, జుట్టులోంచి కారుతున్న వాననీళ్ళు.

"అతను మారా కాదు, వాళ్ళ తమ్ముడు పోకో."

అకైతీకి ఒళ్ళు మండింది. మంగాయా దీవిలోని ఆ పాత బడిని ఊరంతా కలిసి రెండేళ్ళు బాగుచేసుకున్నారు. పగడపు రాళ్ళు కాల్చిన సున్నంతో గోడలు వెన్నెల్లా ఉన్నాయి. శనివారం మ్యూజియంగా తెరుస్తారు. అరవై ఏళ్ళ నాటి ఆ క్లాసు ఫొటోలోని పేర్లన్నీ ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని తనే చీటీల మీద రాసి అంటించింది.

"మీరు చదివారేంటి ఇక్కడ?"

"మా మామ్మ చదివింది. మెతువా. ముందు వరుసలో రిబ్బను కట్టుకున్న పిల్ల ఆవిడే. నేను తెరే. ఆక్లండ్ నుంచి మామ్మని చూడ్డానికొచ్చా."

కనుక్కుంటే అతను చెప్పిందే నిజం. అకైతీ పళ్ళు నూరుకుంటూ చీటీ మార్చింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఇంకో తప్పు. బుధవారం ఇంకొకటి.

"మీకింకేం పని లేదా?"

"సెలవులండీ."

"సెలవులైతే సముద్రం ఉందిగా!"

"సముద్రం ఇంత బాగా తిట్టదు."

నవ్వు కనబడకుండా అకైతీ గోడవైపు తిరిగింది. అతను వెళ్ళాక సున్నం కుంచె పట్టుకుంది. కిటికీ పలకల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా జారుతోంది. దూరంగా ఏ స్కూటర్ చప్పుడైనా, అతనేనేమోనని చేతిలో కుంచె ఆగిపోతోంది.

గురువారం అతను కాస్త తడబడుతూ చెప్పాడు. "రిబ్బను పిల్ల మామ్మ కాదట. ఆ చివర నాలుక బయటపెట్టిన పిల్లట. రిబ్బను పిల్ల పేరు ఇనా."

"మొన్న ఆవిడేనని మీరే అన్నారుగా?"

"నేనే పొరబడ్డా."

అకైతీ నమ్మి, రెండు చీటీలూ మార్చింది.

శుక్రవారం కుండపోత. అతని మామ్మ ఊరు దీవికి అవతలి వైపు. ఎర్రమట్టి రోడ్డు కొట్టుకుపోయింది, ఫోన్లు పలకలేదు. రోజంతా అకైతీ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. వాన ఆ గుమ్మానికి వెండి తెర కట్టినట్టు కురుస్తూనే ఉంది.

శనివారం తెల్లవారుతూనే ఊరివాళ్ళు రోడ్డు పూడ్చారు, ఎండ కాసింది. బడి నిండా అందరూ తలల మీద పెట్టుకున్న పూలకిరీటాల వాసన. ట్రక్కు దిగిన మెతువా మామ్మ, మనవడు పిలుస్తున్నా ఆగకుండా తిన్నగా ఫొటో దగ్గరికి నడిచింది. వంగి చదివింది. మళ్ళీ చదివింది.

"ఈ రిబ్బను మా అమ్మ తన పెళ్ళి గౌను అంచు చింపి కట్టింది, తల్లీ," అంది మెల్లగా. "నా చిన్నప్పటి ఫొటో ఇదొక్కటే. ఇందులో నా పేరు ఇంకో పిల్లకి పెట్టేశారా?"

అకైతీ కళ్ళు నిండిపోయాయి. "రాసింది నేనే మామ్మా. తప్పు నాదే."

"కాదు, నాది!" తెరే జనంలోంచి ముందుకొచ్చాడు. "నిజమైన తప్పులన్నీ బుధవారానికే అయిపోయాయి. గురువారం రావడానికి సాకు దొరక్క అబద్ధం చెప్పా. నిన్న వచ్చి ఒప్పుకుందామంటే రోడ్డే లేకపోయె."

"సాకెందుకురా?"

"ఈ అమ్మాయిని చూడకపోతే నాకు రోజు గడవట్లేదు మామ్మా."

వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అకైతీ నవ్వలేదు.

"పెద్దావిడని ఏడిపించారు! నన్ను చూడ్డానికొచ్చానని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?"

"అంటే తిట్టేవారు."

"తిట్టేదాన్నే. తిట్టి, కూర్చోమనేదాన్ని."

మామ్మ ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన తలమీది పూలకిరీటం తీసి అకైతీ తలమీద పెట్టింది. "వీడు సోమవారం విమానం ఎక్కాలి. పంపిస్తావో, ఆపుతావో నీ ఇష్టం. ముందు నా పేరు సరిచెయ్యి."

అకైతీ రెండు చీటీలూ మళ్ళీ రాసి, మెతువా పేరు రిబ్బను పిల్ల కింద అంటించింది. వెనక్కి తిరక్కుండానే అంది.

"సోమవారం విమానాశ్రయానికి నేనూ వస్తా."

తెరే ముఖం వాడిపోయింది. "సాగనంపడానికా?"

"కాదు. టికెట్టు మార్చే కౌంటరు ఎక్కడుందో నీకు తెలీదుగా!"