సబ్బుల ఫ్యాక్టరీలో చివరి పాట

పొద్దుగుంకితే ఆ పాత సబ్బుల ఫ్యాక్టరీ పక్కనుంచి కుక్క కూడా నడవదని అనేవాళ్లు. ఎప్పుడో బాయిలర్ పేలి, అక్కడ పనిచేసే ఒకావిడ పోయిందట. అప్పట్నుంచీ లోపల ఏడుపు... మాడిన వాసన... కళ్లారా చూసినవాళ్లు లేరు గానీ, చెప్పేవాళ్లకి కొదవ లేదు.

అలాంటి చోటుకి ముగ్గురు కోరి కోరి వెళ్లారు.

ఊరు అట్టుడికిపోతున్న రోజులవి. చీకటి పడితే గుంపులు కర్రలు పట్టుకుని ఇల్లిల్లూ గాలించేవి. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ కనపడేవాళ్లు కాదు. స్టూడియోలన్నీ మూతపడ్డాయి.

వీళ్లదేమో హెవీ మెటల్ బ్యాండు. అన్న గిటారు వాయిస్తూ గొంతు చించుకుంటాడు. బావ బేస్ గిటారు వాయిస్తాడు, రికార్డింగూ తనే చూసుకుంటాడు. డ్రమ్స్ దగ్గర చెల్లెలు. పిల్ల పిడికెడే గానీ చెయ్యి పడితే చెవులు పగులుతాయి. అందుకే అందరికీ పిడుగు అయిపోయింది.

ఆల్బమ్‌లో ఒక్క పాట మిగిలింది. ఊరు వదిలేలోపు అది పూర్తి చెయ్యాలని అన్న పంతం.

"మన కళ్లముందు జరిగింది ఈ పాటలోనైనా మిగలాలి కదే," అన్నాడు. "ఆ ఫ్యాక్టరీ గోడలు మందం. కరెంటు ఇంకా ఉంది. దెయ్యం పేరు చెబితే ఒక్కడూ రాడు. ఇంకేం కావాలి?"

మొదటి రాత్రి పాట ఒకసారి వాయించి ఆపారు. డ్రమ్స్ మోత గాల్లో కరిగిపోతోంది. బావ హెడ్‌ఫోన్లు తీశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పాట చివర... ఎవరో ఏడుస్తున్నారు."

"నా పాట వింటే ఎవరైనా ఏడుస్తారులే బావా," అని నవ్వేశాడు అన్న.

మర్నాటి రాత్రి ఆ నవ్వు లేదు. ఈసారి ముగ్గురూ విన్నారు. కింద... బాయిలర్ గదిలోంచి... సన్నగా మొదలై, పెరిగి — ఎవరో నోరు నొక్కేసినట్టు టక్కున ఆగిపోయింది.

"మీ అక్క అననే అంది," బావ వైర్లు చుట్టేస్తూ గొణిగాడు, "తమ్ముడి వెంట తిరిగితే నా చావు నేను చావనని. పదండి పోదాం."

పిడుగు కదల్లేదు. ఒకటే అనుమానం తొలిచేస్తోంది. ఆ ఏడుపు చివర ఎక్కిళ్లు ఉన్నాయి. దెయ్యాలకి ఎక్కిళ్లు వస్తాయా?

టార్చి తీసుకుంది. "పిచ్చిదానా, ఆగు..." అని అన్న అరిచేలోపే ఇనుప మెట్లు దిగింది.

కింద కాటుక చీకటి. బాయిలర్ తలుపు ఓరగా తెరిచి ఉంది. టార్చి లోపలికి తిప్పింది.

రెండు కళ్లు.

విరబోసుకున్న జుట్టు. మొహమంతా మసి. గుండెలకి ఏదో అదుముకుని...

టార్చి చేతిలోంచి జారి ఆరిపోయింది. చీకట్లోంచి గుసగుస —

"ఆపేశారెందుకమ్మా?"

"...ఎవరు?"

"వాయించండి తల్లీ, మీకు దణ్ణం పెడతాను. మా ఆయన్ని లాక్కుపోయారు. ఇప్పుడు నన్నూ బిడ్డనీ వెతుకుతున్నారు. మీ అరుపులు విని దెయ్యాలనుకుని గేటు దగ్గర్నుంచే పారిపోతున్నారు. మీరు ఆపితే ఈ పొగగొట్టంలోంచి వీడి ఏడుపు బయటికి వినబడుతుంది. పసివాడి గొంతు వాళ్లు గుర్తుపట్టరా?"

గేటు కిర్రుమంది.

పిడుగు మెట్లెలా ఎక్కిందో తెలీదు. "అన్నా, అరువు! ఉన్న గొంతంతా పెట్టి అరువు!" అంటూ డ్రమ్స్ మీద పడింది. ఆ మొహం చూసి అన్న గిటారు అందుకున్నాడు. బావ చుట్టిన వైర్లు మళ్లీ తగిలించాడు.

కిటికీ అద్దాల మీద కాగడాల వెలుగు పాకింది. దగ్గరికొచ్చింది. ఆగింది.

అన్న గొంతులోంచి అంతకుముందెప్పుడూ రాని అరుపొకటి లేచింది. పాటా కాదు, మాటా కాదు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడినట్టు.

బయట ఎవడో కెవ్వుమన్నాడు. ఒకరి మీద ఒకరు పడుతూ పరుగులు. కాగడాల వెలుగు వెనక్కి తగ్గి, చివరికి ఆరిపోయింది.

అప్పటికీ పిడుగు ఆపలేదు. అరచేతులు చిట్లి కర్రలు జారిపోతుంటే, ఇక చేతకాక ఆపింది.

నిశ్శబ్దం.

ముగ్గురూ చెవులు రిక్కించారు. ఏడుపు లేదు. ఎక్కిళ్లు లేవు. ఏమీ లేదు...

ఏడుపు వినబడకుండా ఆ తల్లి బిడ్డ నోరు నొక్కడం గుర్తొచ్చింది పిడుగుకి. మూడేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తింది.

"అక్కా! బిడ్డ...?"

చీకట్లో ఒక చెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది.

"ష్... ఇప్పుడే పడుకున్నాడు."