పిచ్చుకకి బాగైపోయిందన్నారు

"అత్తయ్యా! పిల్ల పడిపోతోందీ... పట్టుకోండీ!"

ఆ కేకకి వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగిపోయారు. కింద లాండ్రీ, పైన ఇల్లు. పొద్దున్నే ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె తోస్తోంది కోడలు. పక్కనే ఎత్తు పీట మీద కూర్చుని హ్యాంగర్లు వరసగా పేరుస్తూ, ఆపకుండా వాగుతోంది కూతురు. స్కూల్లో ఎవరు ఎవర్ని గిల్లారు, టీచరు ముక్కు ఎందుకు ఎర్రగా ఉంది... ఒకటే కబుర్లు! ఆ వాగుడుకే అందరూ దాన్ని పిచ్చుక అంటారు. ఉన్నట్టుండి ఆ కబుర్లు ఆగిపోయాయి! పిచ్చుక నోరు ఆగిందంటే ఆ తల్లికి గుండె ఆగినంత పని! తలెత్తి చూస్తే ఏముంది... పిల్ల కళ్ళు పైకి తేలిపోయాయి, ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుంది, కొట్టుకుంటూ కొట్టుకుంటూ సరిగ్గా ఆ కాలుతున్న పెట్టె వైపే వాలిపోతోంది!

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. తన ముంజెయ్యి అడ్డం పెట్టేసింది. చర్మం చుర్రుమంది. అయినా ఆ మంట ఆమెకి తెలియనే లేదు! పిల్లని నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మడత పెట్టిన దుప్పటి తోసి, "పిచ్చుకా! అమ్మని ఇక్కడే ఉన్నానే! ఇక్కడే ఉన్నా!" అని ఒకటే ఏడుపు. మరి అత్తగారేం చేస్తోందంటారా? మెట్ల మీద, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. దిగలేదు. మనవరాలికి తుమ్ము వస్తేనే పరుగెత్తుకొచ్చే మనిషి... ఆ రోజు ఒక్క మెట్టు కూడా దిగలేదు!

ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఆ కొట్టుకోవడం ఆగలేదు. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇచ్చాక, ఆగింది. కానీ పిల్ల కళ్ళు తెరవలేదు. బస్సు ఎవరికో అప్పజెప్పి, ఖాకీ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు భర్త. లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చింది. మంచావిడే, పిచ్చుకని చిన్నప్పట్నుంచీ చూస్తోంది. ఇవాళ మాత్రం మొహంలో నవ్వు లేదు.

"ఫిట్స్ మాత్రలు ఎప్పట్నుంచి మానేశారమ్మా?"

"మానేయడమేంటండీ!" కోడలు తెల్లబోయింది. "పొద్దునా సాయంత్రం మా అత్తయ్య దగ్గరుండి మింగిస్తారు. నేనైనా మర్చిపోతానేమో గానీ ఆవిడ మర్చిపోరు!"

"రక్తం పరీక్ష చేశాం. ఒంట్లో మందు జాడే లేదు. ఇంతసేపు ఫిట్స్ ఆగకపోవడం మంచిది కాదు. పిల్ల తెలివిలోకి వచ్చాక గానీ... నేనేమీ చెప్పలేను."

"మీ మిషనేదో చెడిపోయినట్టుందండీ, ఇంకోసారి చూడండి!" అన్నాడు భర్త, నవ్వబోయి.

గోడ పక్కనుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది.

"మిషను మంచిదేరా..."

అందరూ అటు తిరిగారు. అత్తగారు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

"నేనే ఆపేశానురా... అయ్యగారు ప్రార్థన చేసిన ఆదివారం నుంచి."

ఆ ఆదివారం ఎవరు మర్చిపోతారు! పాస్టరుగారు పిచ్చుకని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా గట్టిగా అన్నాడు... "ఈ బిడ్డని ప్రభువు ముట్టాడు! బాగైపోయింది!" చర్చి హాలంతా ఒకటే చప్పట్లు, ఒకటే స్తోత్రాలు! నిజం చెప్పాలంటే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఈ కోడలే. ఆ రోజు నుంచీ ఇస్త్రీ చేస్తూ చేస్తూ మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేది, పిచ్చి తల్లి!

"బాగైపోయాక కూడా మాత్ర మింగించానంటే ప్రభువుని నమ్మనట్టే కదమ్మా అనుకున్నాను..." అత్తగారు ఏడవడం కూడా రానట్టు చూస్తోంది. "నమ్మకం తక్కువైతే జబ్బు తిరిగొస్తుందేమోనని భయపడి... బట్టల తొట్టి తూములో పడేసేదాన్ని..."

"రోజూ అడిగేదాన్ని కదా అత్తయ్యా!" అని అరిచింది కోడలు. "'మాత్ర వేశారా' అంటే 'ఆఁ' అనేవారు కదా! నా మొహం మీదే! ఇదేనా విశ్వాసం అంటే? అబద్ధమాడమని చెప్పాడా మీ దేవుడు? నా పిల్ల తల ఆ పెట్టె మీద పడుంటే... ఏం చేసేవారు? అప్పుడు కూడా స్తోత్రం అనేవారా!"

"అయ్యగారిని మాత్రం ఏమీ అనొద్దమ్మా. ఆయనకేం తెలియదు. అంతా నేనే... నేనే..."

"అమ్మా," అన్నాడు కొడుకు, పళ్ళు బిగించి. "కాసేపు నా కళ్ళ ముందు ఉండకు. వెళ్ళు."

ముసలావిడ లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు.

కోడలు బల్ల మీద కూలబడింది. నర్సు వచ్చి చేతికి మందు రాస్తుంటే అప్పుడు తెలిసింది మంట. కానీ లోపలి మంట ముందు అదెంత! పిల్లకి బాగుందని ఇన్నాళ్ళూ తను ఎవరికి కృతజ్ఞతలు చెప్పింది? పైన ఎవరైనా ఉన్నారా, లేక ఖాళీ పైకప్పుతో మాట్లాడిందా? ఉంటే మాత్రం, తూములో పడుతున్న ఆ మాత్రల్ని చూస్తూ ఎలా ఊరుకున్నాడు? ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలో కూడా ఆ ఇస్త్రీ పెట్టే కనిపించింది... చటుక్కున తెరిచేసింది.

అప్పుడొచ్చాడు పాస్టరుగారు. భారీ మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు, హెల్మెట్ చంకలో ఉంది. "అమ్మా... ఇప్పుడే తెలిసింది. పిల్ల దగ్గర ఒక్కసారి ప్రార్థన..."

ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఒకసారి చేయించుకున్నాం అయ్యగారూ. చాలు."

"ఏంటే ఆ మాటలు..." అని భర్త గొణిగాడు.

"మీరుండండి! వెళ్తూ వెళ్తూ కూడా మా అత్తయ్య ఏమందో తెలుసా అయ్యగారూ? మీకేం తెలియదంట. మిమ్మల్ని ఏమీ అనకూడదంట. సరే, అనను. వెళ్ళిరండి."

పాస్టరుగారు కదల్లేదు. హెల్మెట్ నేల మీద పెట్టి, మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. ఆ మొహం చూస్తే ఆదివారం మైకు పట్టుకునే మనిషి ఈయనేనా అనిపించింది.

"ఆవిడ నన్ను కాపాడుతోందమ్మా. నాకు తెలుసు. మాత్రలు ఆపేశానని నాకు చెప్పింది. హాలు మెట్ల దగ్గర, ఎంతో సంతోషంగా. నేను... ఆమెన్ అన్నాను."

కోడలు ఆయన వైపు ఒక అడుగు వేసింది.

"అలా ఆపకూడదని మీకు తెలియదా?"

"తెలుసు. నాకూ షుగరుంది, రోజూ మాత్ర మింగుతాను. కానీ 'వద్దమ్మా, మాత్రలు వెయ్యండి' అంటే, 'మరి బాగైపోయిందని అందరి ముందూ అన్నారుగా' అని అడుగుతుందేమోనని... భయం వేసింది. నా మాట పోతుందని భయం! నా మాట కోసం నీ బిడ్డని పణంగా పెట్టానమ్మా." ఆయన తల దించుకున్నాడు. "క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు."

భర్త విసురుగా ముందుకొచ్చాడు. కోడలే చెయ్యి పట్టి ఆపింది. ఆమెకి కోపం కన్నా పెద్ద ప్రశ్న గొంతులో అడ్డం పడింది.

"సరే, మీరు మనిషి, భయపడ్డారు. మరి ఆయనేం చేస్తున్నాడు? అన్నీ తెలిసినవాడు కదా! చెప్పండి అయ్యగారూ, ప్రతి ఆదివారం చెబుతారుగా! నా పిల్లకి ఈ జబ్బెందుకు? ఎందుకు బాగుచెయ్యడు? చెప్పండి!"

ఆయన నోరు తెరిచాడు. ఏ మాట వస్తుందో ఆమెకి ముందే తెలుసు. పరీక్ష అంటాడు, మంచికే అంటాడు, ఓర్చుకోమంటాడు... ఆ మాటంటే ఆ హెల్మెట్ తీసి మొహాన కొట్టడానికి కూడా సిద్ధంగా ఉంది!

"తెలియదమ్మా," అన్నాడు పాస్టరుగారు. "నాకు తెలియదు."

ఆమె అలాగే చూసింది. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట ఆమె విననే లేదు.

"అయితే చప్పట్లు కొట్టించిన చోటే ఆ మాట చెప్పండి."

"చెబుతాను. రేపు ఆదివారం. మాత్రలు ఆపారంటే ఆమెన్ అన్న మాట కూడా చెబుతాను. ఇంకెవరింట్లో ఎవరు ఆపారో ఏమో... అందరూ వినాలి. ఆ తర్వాత సంఘం నన్ను ఉంచుకుంటే ఉంచుకుంటుంది, లేకపోతే లేదు."

ఆయన లోపలికి రాబోలేదు, ప్రార్థన ఊసు మళ్ళీ ఎత్తలేదు. అలాగే కూర్చున్నాడు. కాసేపటికి ఆమె అటు తిరక్కుండానే అంది... "నా దగ్గర కూర్చుని ఏం లాభం? ఆవిడ చెప్పుల్లేకుండా వెళ్ళింది. వెళ్ళి వెతకండి."

మధ్యాహ్నం అయ్యాక పిచ్చుక కళ్ళు తెరిచింది! డాక్టరమ్మ వేళ్ళు చూపించి లెక్కపెట్టించింది, పేరు అడిగింది. "గండం గడిచినట్టేనమ్మా" అనగానే భార్యాభర్తలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చేశారు! అంతలో ఆ చిన్న గొంతు, బొంగురుగా...

"నానమ్మేది?"

ఆ తల్లికి గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. చెయ్యి కాల్చుకుంది ఎవరు... అడుగుతున్నది ఎవర్ని!

"అమ్మనున్నానుగా, బంగారం."

"నానమ్మకి సారీ చెప్పాలి."

"సారీనా? నువ్వెందుకే?"

"నానమ్మకే చెప్తా." అంటూ మొహం పక్కకి తిప్పేసుకుంది.

"నేను వెళ్ళి తీసుకొస్తా," అన్నాడు భర్త.

"వద్దు. మీరు బస్సు హారను కొట్టినట్టు అరుస్తారు. నేనే వెళ్తా."

అత్తగారు ఎక్కడికి పోయుంటుందో కోడలికి తెలుసు... చర్చికే. వాళ్ళ చర్చి హాలు టైర్ల షాపు పైన. ప్రసంగం మంచి పట్టులో ఉన్నప్పుడు కింద గాలి కొట్టే మిషను 'బుస్స్' మంటుంది, పిల్లలు కిసుక్కుమంటారు. ఇవాళ కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. కోడలు మెట్ల మీదే ఆగిపోయింది. లోపల అత్తగారి గొంతు... ప్రార్థన కాదు, తిట్లు!

"...ముసలిదాన్ని, చదువు లేనిదాన్ని, నాకేం తెలుసు! నువ్వైనా చెప్పొద్దా? 'ఒసేయ్, పిల్లకి మందు వెయ్యవే' అని ఒక్క మాట! కల్లోనైనా చెప్పొద్దా! నిన్ను నమ్మి చేశానే... నమ్మినదానికి ఇదా నువ్వు చేసేది!" తర్వాత వెక్కిళ్ళు. తర్వాత చిన్నగా, "అయ్యగారూ, ఇలా తిడితే పాపమా?"

పాస్టరుగారు ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. అంత మనిషికి మోకాళ్ళు మడవడం ఎంత కష్టమో!

"తిట్టండమ్మా. ఇన్నాళ్ళూ వినకుండా మాట్లాడిందంతా నేనే. ఇవాళ మీరు మాట్లాడండి."

కింద మిషను 'బుస్స్' మంది. ఎవరూ నవ్వలేదు.

"అత్తయ్యా."

ముసలావిడ ఉలిక్కిపడింది. ఆ చూపు... పిల్ల పోయిందని చెప్పడానికే వచ్చిందనుకుంది పాపం!

"కళ్ళు తెరిచింది. మాట్లాడుతోంది. మిమ్మల్ని అడుగుతోంది."

ఆవిడ రెండు చేతులూ నేలకేసి కొట్టుకుంటూ ఏడ్చింది. "నేను రానమ్మా... ఈ చేతుల్తో దాన్ని ఎలా ముట్టుకోను? మా చెల్లెలింటికి పోతాను. మీ మధ్యన ఉండను..."

"మిమ్మల్ని క్షమించానని చెప్పడానికి రాలేదు," అంది కోడలు. "అది నాకింకా చేతకావట్లేదు. పిల్ల అడిగింది, వచ్చాను. లేవండి."

ఆసుపత్రి గదిలో మంచం దగ్గరికి వెళ్ళడానికి కూడా ధైర్యం లేక, తలుపు దగ్గరే నిలబడింది అత్తగారు. వెనకాల పాస్టరుగారు.

"నానమ్మా, రా. సారీ."

"నువ్వా తల్లీ! నువ్వు నాకు సారీయా!"

"మొన్నట్నుంచే నా చెయ్యి వణుకుతోంది. హ్యాంగర్లు జారిపోతున్నాయి. చెయ్యి జేబులో పెట్టుకుని దాచేశా." పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందరూ చప్పట్లు కొట్టారుగా. బాగవ్వలేదని తెలిస్తే నువ్వేడుస్తావని... నేను సరిగ్గా నమ్మలేదా నానమ్మా? అందుకే మళ్ళీ వచ్చిందా?"

తండ్రి మొహం గోడకి తిప్పేసుకున్నాడు. తల్లి పళ్ళ మధ్య పెదవి నొక్కుకుంది. ఇంత చిన్న ప్రాణం మీద ఎంత బరువు పెట్టారు అందరూ కలిసి! తను కొట్టిన చప్పట్లు కూడా అందులో ఉన్నాయి కదా!

పాస్టరుగారు వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ నమ్మకంలో ఏ లోపమూ లేదు తల్లీ. నేనే తప్పు చెప్పాను. బాగవ్వాలని అడగాల్సింది, బాగైపోయిందని చెప్పేశాను."

"పాస్టర్లు కూడా తప్పు చెప్తారా?"

"మైకు చేతిలో ఉంటే ఇంకా ఎక్కువ చెప్తారు."

పిచ్చుక కొంచెం నవ్వింది. అత్తగారు దగ్గరికొచ్చి, ముట్టుకోకుండా దుప్పటి అంచు మాత్రం పట్టుకుంది.

"నాకేం ఏడుపు రాదే. ఇకమీదట చెయ్యి వణికితే దాచకు. ముందు ఎవరికి చెప్తావు?"

"అమ్మకి. తర్వాత డాక్టరమ్మకి. తర్వాత నీకు. తర్వాత దేవుడికి."

"దేవుడికి ఆఖర్నా!"

"ఆయన ఎటూ వింటూనే ఉంటాడుగా నానమ్మా!"

ఏడుస్తున్న వాళ్ళంతా ఏడుస్తూనే నవ్వేశారు... ఒక్క తల్లి తప్ప. వింటూనే ఉంటాడా? ఆమెకి తెలియదు. ఆ మాట ఇంకా లోపలికి దిగలేదు. పాస్టరుగారు లేచి, ఏమైనా అడగమంటారా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన హెల్మెట్ తీసుకున్నాడు.

"రేపు నేనూ వస్తాను," అందామె. "పాడటానికి కాదు. మీరు చెబుతానన్నది వినడానికి."

"రా అమ్మా. ముందు వరసలో కూర్చో."

పిల్ల నిద్రపోయింది. అత్తగారు మెల్లగా లేచి, "అయితే నేను చెల్లెలింటికి..." అంది, కోడలి కళ్ళలోకి చూడలేక. "నీ కోపం తగ్గాక కబురు పెట్టమ్మా."

కోడలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిల్లనే చూసింది. తర్వాత మంచానికి అవతలి వైపున్న కుర్చీని కాలితో ముందుకి జరిపింది.

"తగ్గదు అత్తయ్యా. ఇప్పట్లో తగ్గేలా లేదు." కళ్ళు తుడుచుకుంది. "కోపం మనింట్లోనే ఉంటుంది. మీరూ మనింట్లోనే ఉండండి. కూర్చోండి."