వరసలో దూరిన డబ్బా

"వాన తగ్గిందా?"

"ఐర్లండ్‌లోనా?"

కోడ్ కలిసింది. లాప్‌టాప్ తెర మీద గూఢచారి శాఖ చీఫ్ గిరిజాకుమారి ప్రత్యక్షమైంది.

"మహీధర్, హెరాన్ ముఠా మీ డాక్‌ల్యాండ్స్ కంపెనీలో దూరింది. టార్గెట్ ఆస్పత్రుల వెంటిలేటర్లు. వాటి సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి ఈ సాయంత్రం ఆరింటికి అప్‌డేట్ వెళ్తోంది. అందులో ఏదో పెట్టారు."

"కోడంతా జల్లెడ పట్టాను మేడమ్. వైరస్ లేదు. టెస్టులన్నీ పాస్."

"ఆపేద్దామా?"

"రేపు కొత్త ఆక్సిజన్ సెన్సర్లు బిగిస్తున్నారు. ఇది లేకపోతే అవి పనిచేయవు."

ఆవిడ గొంతు తగ్గించింది. "కార్క్ ఆస్పత్రిలో మీ అన్నయ్య?"

"వెంటిలేటర్ మీదే ఉన్నాడు."

మీటర్ రీడింగ్ చెప్పినట్టు చెప్పాడు. అన్న అనంతరామ్ తొంభై ఆరు కిలోల మనిషి, తనను చదివించిన మనిషి. ఏడుపు రావాలి కదా? రాలేదు. భయమూ రాలేదు. కోవిడ్ వచ్చి పోతూ నాలుక రుచి, ముక్కు వాసన పట్టుకుపోయింది. పనిలో పనిగా మనసునూ ఎత్తుకెళ్ళిందని మహీధర్ అనుమానం.

లాక్‌డౌన్‌లో గూఢచారి బతుకు మరీ అధ్వానం. వేలి ఉంగరం ఏ సర్వర్‌నైనా తెరుస్తుంది. కానీ స్వోర్డ్స్‌లోని ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే రోడ్డు మీద గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, వెనక్కి పంపేస్తారు.

బెల్ మోగింది. మహీధర్ చీఫ్‌తో కాల్ ఆపి తలుపు తీశాడు. ఎర్ర కోటు, అదే రంగు మాస్కు. సుధేష్ణ! ముఠా మనిషి, రహస్యంగా మహీధర్ మనిషి కూడా. ప్రభుత్వం లెక్కలో అతని సపోర్ట్ బబుల్, అంటే ఒంటరివాడి ఇంటికి రాదగిన ఒకే ఒక్క అతిథి. ఆమె కోటు బొత్తంలో, అతని మీద నిఘాకు ముఠావాళ్ళు పెట్టిన కెమెరా, మైకు ఉన్నాయి. నోరు విప్పినా, రాసి చూపినా ప్రాణం పోతుంది.

ఆమె మాస్కు దించి అతని కప్పులోంచి ఒక గుక్క తాగింది.

"థూ! గింత ఉప్పేంది? మూడు దినాల సంది గిదే తాగుతున్నవా?"

"ఉప్పా?"

సుధేష్ణ తల పట్టుకుంది. విసురుగా వంటింటి అల్మరా తలుపు తెరిచి పక్కకు జరిగింది.

అందులో ఎప్పుడూ మొదట ఉప్పు, తర్వాత పంచదార, తర్వాత కారం. ఇప్పుడు అన్నిటికన్నా ముందు మెంతుల డబ్బా! ఏదీ పోలేదు, అన్నీ ఒక్కో చోటు జరిగాయంతే. అలవాటైన చెయ్యి మాత్రం చూడకుండా రెండో డబ్బానే తీస్తోంది.

మూడు రోజుల కిందట ఆమె వదిలిన సంకేతం అది. టీ నోట్లో పడగానే తెలుస్తుందనుకుంది పాపం. నాలుక చచ్చిందని ఇతగాడు చెబితే కదా!

ఆరు కావడానికి నాలుగు నిమిషాలున్నాయి.

సుధేష్ణ టీ పెట్టే వంకతో పొయ్యి వైపు తిరిగింది. కెమెరాకు గోడ తప్ప ఏమీ కనబడదు. వెతకాల్సింది వైరస్‌ను కాదు, వరస మార్పును! మహీధర్ లాప్‌టాప్ మీద పడ్డాడు.

దొరికింది! వెంటిలేటర్ ప్రోగ్రాములన్నీ వాడుకునే ఆ లైబ్రరీలో రోగి వివరాల వరస ఉంది. కొత్త సెన్సర్ రీడింగు కోసం చేర్చిన గడిని సరిగ్గా ఆ వరస మధ్యలో దూర్చారు. ఈ కొత్త వరసతో మళ్ళీ కంపైల్ చేసిన, అంటే తిరిగి తయారుచేసిన, ప్రోగ్రాములకు ఇబ్బంది లేదు. టెస్టు చేసిందీ వాటినే. కానీ వెంటిలేటర్లలోని అలారం ప్రోగ్రాం పాతది. అది పేరు చూడదు, మూడో గడిలో ఏముంటే అది తీసుకుంటుంది. ఇప్పటిదాకా అక్కడ ఆక్సిజన్ శాతం. ఆరు దాటితే అక్కడుండేది రోగి బరువు.

అన్నయ్య ఊపిరి ఆగిపోతున్నా అలారం తొంభై ఆరు చూసి, భేషుగ్గా ఉన్నాడనుకుని ఊరుకుంటుంది.

వరస చివర పాతవాళ్ళు ముందుచూపుతో వదిలిన ఖాళీ గడులున్నాయి. కొత్త గడిని అక్కడికి మార్చాడు. పాతవన్నీ తమ చోటికి వచ్చాయి, వరస పొడవూ మారలేదు. ఉంగరం ఆనించాడు. చీఫ్ అనుమతి వచ్చింది. సవరించిన అప్‌డేట్ తయారైన మరుక్షణమే గడియారంలో ఆరైంది. అప్‌డేట్ వెళ్ళిపోయింది.

అరగంటకు కార్క్ నుంచి నర్సు ఫోన్. ఆక్సిజన్ పడిపోయిందట, అలారం మోగిందట, పరుగెత్తి ట్యూబు సరిచేశారట. "హీ ఈజ్ గ్రాండ్ నౌ." గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ భాషలో బాగున్నాడని.

మహీధర్ ఫోన్ పెట్టేసి, సుధేష్ణ ఇచ్చిన టీ తాగాడు. ముఖం చిట్లించాడు.

"మళ్ళీ ఉప్పే వేశావా?"

"చక్కెరే ఏసిన," అంది సుధేష్ణ. "ముందుగాల కండ్లు తుడుచుకో."