పగిలిన నల్లరంగు కుండ

వాన మొదలవగానే నాకు గుండెల్లో దడ. పెడనలో మా పెరటి చూరు కింద నల్లరంగు కుండ ఉంది. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళు పోసి ఇరవై రోజులు పులియబెట్టాం. ఆ రంగు లేకపోతే ఒప్పుకున్న అద్దకం దుప్పట్లు ఆగిపోతాయి. చూరు కారుతుందేమో అనుకున్నాను, పిడుగు పడుతుందేమో అనుకున్నాను. సైకిలు మాత్రం అనుకోలేదు.

బ్రేకులు పట్టని సైకిలొకటి తడిక తోసుకొచ్చి కుండని గుద్దింది. నల్లనీళ్ళలో కూలబడ్డ కుర్రాడు లేచి దణ్ణం పెట్టాడు.

"గోవర్ధనరావునండీ. నేత జనార్దనరావుగారబ్బాయిని. బందరు కాలేజీలో బి.ఏ. మీ కుండ స్మాష్ అయిపోయిందండీ."

వాళ్ళ మగ్గాల గుడ్డే మేం అద్దేది. మా అమ్మాయి నాగరత్నం అద్దకం అచ్చు చేత్తో పట్టుకునే వచ్చింది.

"స్మాషంటే?"

"ముక్కలైపోవడమండీ. పూర్వం దొంగల యాసలో, మెట్ల మీంచి కిందకి తన్నెయ్యడం అని అర్థమట."

"అయ్యో అమ్మా, మనింటికి మెట్లు లేవే!"

వాడు పకపకా నవ్వాడు. ఇనుపముక్క గుచ్చుకుని ధనుర్వాతం వస్తుందేమోనని నేను వాడి మోచేతులు చూస్తున్నాను.

మర్నాడు కొత్త కుండ తెచ్చాడు. పులిసేదాకా రోజూ తనే కలుపుతానన్నాడు. వీధి ఏమంటుందోనని నేను చేట పట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చునేదాన్ని.

"ఆ స్మాష్ మాట ఎక్కడ పుట్టిందో చెప్పారు కాదు," అంది ఓరోజు నాగరత్నం.

"ఖాయంగా తెలీదండీ. రెండు మాటలు కలిసి పుట్టిందంటారు కొందరు. పగిలే చప్పుడులోంచే పుట్టిందంటారు కొందరు."

"మన భళ్ళున లాగా."

"అచ్చం!"

"చప్పుడు సరే. పగలగొట్టినవాడి పేరుందా మీ డిక్షనరీలో?"

"లేదండీ. మీరెక్కడైనా రాసుకున్నారేమో అని..."

నాగరత్నం చెవులు ఎర్రబడ్డాయి. నా చేటలో బియ్యం సగం నేలపాలు.

ఇరవయ్యో రోజు, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద ఒక్క చుక్క వేశాం. కాటుకలా నల్లబడింది.

"ఇంక నాతో పనేముందండీ," అన్నాడు. కడిగిన చేతులే మళ్ళీ కడిగాడు.

నాగరత్నం తలెత్తలేదు. టక్కున అచ్చు వేసింది. గుడ్డ మీద తీగ బొమ్మ తలకిందులుగా పడింది. పదేళ్ళుగా దాని చెయ్యి తప్పడం నేను చూడలేదు.

ఇన్నాళ్ళూ వాడొస్తాడని భయం. ఇప్పుడు రాడేమోనని అంతకన్నా భయం. తడిక దాకా పరిగెత్తాను.

"బాబూ, బ్రేకులు..."

"కుండ పగిలిన మర్నాడే బాగుచేయించానండీ."

"అయితే రేపు మీ అమ్మగారిని వెనకాల కూర్చోబెట్టుకురా. నాగరత్నం వాళ్ళ నాన్నతో నేను చెబుతాను. దారంతా గోతులు, నెమ్మదిగా తొక్కు నాయనా!"

లోపల్నుంచి నాగరత్నం గొంతు వినిపించింది.

"తడిక తీసే ఉంచుతాం లెండి!"