మామయ్యగారి 'సరే'

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది జిప్పు. వెనకగదిలోంచి జర్రుమని ఒక చప్పుడు, కాస్త ఆగి జర్రుమని ఇంకొకటి. కుళాయి చప్పుడూ పాలగిన్నె చప్పుడూ ఆ తరవాతే. మామగారు మంచం మీద కూర్చుని శాంపిల్ జిప్పులను పైకీ కిందికీ లాగుతూ ఉంటారు. ఆ పని ఆయనకు అప్పగించింది కోడలే. పెద్దాయనకు కాలక్షేపమూ అవుతుంది, తనకు సరుకు పరీక్షించినట్టూ ఉంటుందని ఆమె లెక్క.

"ఈ నల్లది ఎలా ఉంది మామయ్యగారూ?" కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది.

"బాగానే ఉందమ్మా."

"ఆ గోధుమరంగుది?"

"అదీ బాగానే ఉంది."

"రెంటిలో ఏది బాగుందంటారు?"

ఆయన రెండు జిప్పుల్నీ రెండు చేతుల్లో పట్టుకుని, వెలుతురు చాలక కళ్ళు చికిలించి, చాలాసేపు చూశారు. "దేనికదే బాగుందమ్మా," అన్నారు.

కోడలు నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చేసింది. ఆయన నోటివెంట బాగాలేదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ గడియారాలు బాగుచేసిన మనిషి. ఎంత పాడుచేసి తెచ్చినా "బాగానే ఉంచుకున్నారు, చిన్న రిపేరు అంతే" అనేవారట. అలాంటి మామగారు దొరకడం అదృష్టమని కోడలు ఆఫీసులో నలుగురికీ చెప్పుకునేది కూడా.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. ఆమె బ్యాగులు కుట్టే కంపెనీలో సరుకు కొనే పని చేసేది. బ్యాగు గుడ్డ గట్టిదే, కుట్టూ గట్టిదే, కాని జిప్పులు మాత్రం నెల తిరక్కుండా పళ్ళికిలించేవి. బ్యాగులన్నీ నోళ్ళు తెరుచుకుని వెనక్కి వచ్చేవి, చివాట్లు ఆమెకు వచ్చేవి. చుట్టుపక్కల దొరికే జిప్పులన్నీ ఒకే తానులో ముక్కలు. మంచివి పైదేశం నుంచి తెప్పించి తనే ఎందుకు అమ్మకూడదని ఒకరోజు తిక్కపుట్టింది. ఆ తిక్క దిగలేదు. ఉద్యోగం మానేసింది.

తీరా దిగాక తెలిసింది, జిప్పు దొరకడం తేలిక, నమ్మదగ్గ మనిషి దొరకడమే కష్టమని. కంప్యూటర్ ముందు కూర్చుంటే ప్రతివాడూ తయారీదారుడే. ఒకే ఫ్యాక్టరీ ఫొటో వేరువేరు కంపెనీల పేర్లతో కనిపించేది. ఒకాయనను వీడియో కాల్లో ఫ్యాక్టరీ చూపించమంటే ఇవాళ కరెంటు లేదన్నాడు. ఆయన నెత్తిమీద ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతోంది. ఇంకొకరు పాత కస్టమర్ల నంబరిమ్మంటే తన బావమరిది నంబరే ఇచ్చారు. ఆ బావమరిది పాపం నిజం చెప్పేశాడు.

వడగట్టగా వడగట్టగా ఇద్దరు మిగిలారు. ఒకాయనకు ఆమె పెట్టుకున్న పేరు 'ఓకే మేడమ్'. ఏం అడిగినా క్షణంలో జవాబు, జవాబు చివర ఓకే మేడమ్. రంగు మార్చాలా, ఓకే. తక్కువ సరుకైనా పంపాలా, ఓకే. రెండో ఆయన 'ప్రశ్నలాయన'. ఈయన తీరిగ్గా జవాబిస్తాడు, అదీ ప్రశ్నే. ఏ గుడ్డకి కుడతారు? బ్యాగులో బరువెంత మోస్తారు? వర్షంలో తిరిగేవాళ్ళా? అడిగిన రంగు ఇంత తక్కువ సరుకుకు చెయ్యలేం, వేరే రంగు చూసుకోండి.

"అమ్మేవాడు నన్ను ఇంటర్వ్యూ చెయ్యడమేమిటండీ!" అంది టిఫిను తింటున్న భర్తతో.

"అయితే ఓకే మేడమ్‌కే ఖాయం చేస్తున్నారా ఓనరమ్మగారూ?" అన్నాడు భర్త. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడతను. ఈ వ్యాపారం మొదలైన దగ్గర్నుంచీ పెళ్ళాన్ని ఓనరమ్మ అనే పిలుస్తున్నాడు.

"ఇవాళ సాయంత్రం అడ్వాన్సు పంపేస్తా. మీరేమంటారు?"

"సరే," అన్నాడతను, పళ్ళెం తీస్తూ.

ఆమె దాచుకున్నదంతా ఆ మొదటి ఆర్డరులోకే పోతుంది. సరుకు చెడిందంటే మళ్ళీ మొదలుపెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు, ఉద్యోగమా లేదు. ఆ సంగతి తలుచుకుంటే భయమేసేది. అందుకే తలుచుకునేది కాదు. సరుకు దిగడానికి వీలుగా వీధిగదిలో గోడ పొడుగునా ఇనప అరలు వేయించింది. అవి ఖాళీగా నిలబడి ఎదురుచూస్తున్నాయి.

మధ్యాహ్నం భర్త భోజనానికి ఇంటికొచ్చిన వేళకే ఆడపడుచు వచ్చింది. భర్తకు చెల్లెలు, కారు డ్రైవింగ్ నేర్పుతుంది. రోజంతా పక్కసీట్లో కూర్చుని ఆపండి, ఆపండి అనే ఉద్యోగం కావడంతో ఇంట్లోనూ ఆమె గొంతు అదే స్థాయిలో ఉంటుంది. చెప్పులు విడిచి వీధిగదిలో అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది.

"వదినా, నాన్న బల్లేది?"

"వెనకగదిలో వేశాం. ఇక్కడ స్టాకు పెట్టాలి కదా."

"వెనకగదిలోనా? అక్కడ పట్టపగలు లైటేస్తేగాని మనిషి కనపడడు. నాన్న గడియారాలెలా చూస్తాడు?"

"ఇప్పుడు చూడటంలేదు. కళ్ళు లాగుతున్నాయి, ఇక చాల్లే అన్నారు. జిప్పులు చూసిపెడుతున్నారు."

"జిప్పులా!" ఆడపడుచు కిటికీ వైపు చూసింది. కిటికీలోంచి పడుతున్న ఎండంతా ఖాళీ అరల మీద పరుచుకుని ఉంది. "నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఆ బల్ల ఈ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ఎవర్ని అడిగి తీశారు?"

కోడలికి చురుక్కుమంది. "ఎవర్నడగాలో ఆయన్నే అడిగాను. ఒకటికి రెండుసార్లు అడిగాను. సరే అన్నారు."

"సరే అన్నాడా, సరేలే అన్నాడా?"

"అంటే?"

"సరిగ్గా గుర్తు తెచ్చుకో వదినా. సరే అన్నాడా? సరేలే అన్నాడా? సరే సరే అన్నాడా?"

"ఇదేం క్రాస్ ఎగ్జామినేషను! సరే అంటే సరే కాదూ?"

"మా నాన్న దగ్గర కాదు," అంది ఆడపడుచు. గొంతు హఠాత్తుగా తగ్గింది. "సరే సరే అని రెండుసార్లంటే ఒప్పుకున్నట్టు. ఒక్కసారే సరే అంటే ఇష్టం లేదుగాని నీతో పోట్లాడనని. సరేలే అన్నాడంటే మనసు కష్టపడ్డట్టు. అమ్మ ఉన్నప్పుడు అమ్మ చెప్పేది. నాన్న అటు తిరగ్గానే, 'మీ నాన్న వద్దంటున్నాడు, వినపళ్ళా?' అనేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు."

కోడలికి అంతా గుర్తుంది. తను అడిగినప్పుడు ఆయన బల్ల మీద చెయ్యి వేసి ఉన్నారు. ఆ చేత్తోనే దుమ్ములేని బల్లను ఒకసారి తుడిచారు. తుడిచి, "సరేలే అమ్మా" అన్నారు. ఆమె సంతోషంగా వెళ్ళి బల్ల మోసే మనుషుల్ని పిలిచింది.

గుర్తొచ్చేసరికి సిగ్గు వేసింది. సిగ్గు వేసేసరికి కోపం వచ్చింది. "నాకేం తెలుస్తుంది? వద్దంటే మానేసేదాన్ని కదా! నోరు విప్పి ఒక్కమాట చెప్పొచ్చుగా. సరేలు, సరేసరేలు, ఇవన్నీ పెళ్ళినాడు నాకెవరైనా నేర్పారా?" అని భర్త వైపు తిరిగింది. "మీకు తెలీదా? అప్పుడు పక్కనే ఉన్నారుగా?"

అతను గోడవైపు చూశాడు. "నువ్వు అంత ఉత్సాహంగా ఉంటే... నేనూ సరే అన్నాను."

"అందరి రక్తంలో ఏముందో చెప్తావురా అన్నయ్యా, నాన్న మొహంలో ఏముందో చూడలేవు," అంది ఆడపడుచు.

అప్పుడే వెనకగది గుమ్మంలో మామగారు కనిపించారు. చేతిలో నల్ల జిప్పు అలాగే ఉంది. ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, ఎవరూ ఏమీ అనకముందే తప్పంతా తనదే అన్నట్టు నవ్వారు. "ఎందుకమ్మా గొడవ? నాకేం ఇబ్బంది లేదు. ఆ గదీ బాగానే ఉంది. పోనిద్దురూ, సరేలే."

ఆ చివరి మాట ముగ్గురికీ వినపడింది. కోడలికి మాత్రం మొట్టమొదటిసారి వినపడింది.

ఆడపడుచు వెళ్ళిపోయాక కోడలు ఫోను పట్టుకుని ఖాళీ అరల ముందు కూర్చుంది. ఓకే మేడమ్‌కు అడ్వాన్సు పంపవలసిన సాయంత్రం. వేలు ముందుకు పోలేదు. ఇన్నాళ్ళ సందేశాలన్నీ పైనుంచి చదివింది. ఎక్కడా ఒక్క 'కాదు' లేదు. మామగారి మాటలైనా అంతే, ఎక్కడా ఒక్క కాదు లేదు. ఆయన మంచితనం వేరు, ఈయన వ్యాపారం వేరు. కాని ఇద్దరి దగ్గరా తను చేసిన పని ఒక్కటే. తనకు కావలసిన జవాబు రాగానే అడగడం ఆపేసింది.

ఒక ఆలోచన వచ్చి టైపు చేసింది. "నాకు ప్లాస్టిక్ పళ్ళ జిప్పు కావాలి. కాని మంటలో పెట్టినా కరగకూడదు. చేస్తారా?"

గుటక వేసేలోపు జవాబు వచ్చింది. "చేస్తాం. ఏ సమస్యా లేదు. ఓకే మేడమ్."

అదే ప్రశ్న ప్రశ్నలాయనకు పంపింది. ఈసారి ఎదురుచూడవలసి వచ్చింది. వీధి దీపాలు వెలిగేవేళకు జవాబు వచ్చింది. "కుదరదు. ప్లాస్టిక్ కరుగుతుంది. మంట దగ్గర ఎవరు వాడతారు? అది చెబితే ఇత్తడి పళ్ళవి చూపిస్తాను."

కుదరదు. ఆ ఒక్కమాట చూసి ఆమెకు నెలల తరబడి బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. ఎదటివాడు నిజంగా తన మాట విన్నాడు. విన్నాడు కాబట్టే కాదన్నాడు. ఫోను పక్కన పెట్టి వెనకగదిలోకి వెళ్ళింది.

మామగారు మంచం మీద ఉన్నారు. మూల ఉన్న బల్ల మీద ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది. దాని కింద విప్పిన చేతిగడియారం, చుట్టూ చీమతలకాయలంత మరలు. దుమ్ము పడకుండా గ్లాసు బోర్లిస్తారు. ఆ గ్లాసు మీదే ఇప్పుడు దుమ్ము పేరుకుని ఉంది. రోజూ కాఫీ పట్టుకుని ఆ పక్కనుంచే వెళ్ళింది తను.

"మామయ్యగారూ, మీ కళ్ళు బాగున్నాయా?"

"బాగానే ఉన్నాయమ్మా."

"బాగానే ఉంటే గడియారం ఎందుకు మానేశారు?"

ఆయన జిప్పు ఒకసారి లాగారు.

"బల్ల మళ్ళీ కిటికీ దగ్గరికి మార్చనా?"

"ఎందుకమ్మా శ్రమ. నీ సరుకొస్తుంది కదా. నీ ఇష్టం, సరే."

"సరే అనకండి," అంది ఆమె. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్కసారికీ సరే అనకండి. నాకు అర్థం చేసుకోవడం రాదు. అత్తయ్యకి వచ్చేది, నాకు రాదు. బల్ల ఎక్కడుండాలి? మీరే చెప్పండి."

అత్తయ్య పేరెత్తేసరికి ఆయన చేతిలో జిప్పు ఆగిపోయింది. ఆయన ఈ గోడను, ఆ గోడను చూశారు. ఎవరో తొందరపెడుతున్నట్టు పెదవులు కదిపారు. చివరికి అన్నారు.

"జిప్పులకి వెలుతురెందుకమ్మా?"

ఇంతకన్నా తేలికైన మాట లేదు. సరుకు ఈ గదిలో పెట్టి, బల్ల ఆ గదిలో ఉంచితే సరిపోయేది. నాలుగడుగులు ఎక్కువ మోయాలి, అంతే. అడిగినరోజే ఆయనకు తట్టి ఉంటుంది. చెబితే కోడలి ప్లాను తప్పన్నట్టవుతుందని ఊరుకున్నారు. ఆమెకు ఏడుపు ఆగలేదు. మంచం పక్కన నేలమీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

మామగారు కంగారుపడిపోయారు. తలమీద చెయ్యి వేయాలో వద్దో తెలియక గాల్లోనే ఉంచి, చివరికి వేశారు. "ఊరుకో అమ్మాయ్. ఇంకోటి కూడా చెప్పేస్తాను, కోప్పడవుగా?"

ఆమె తలెత్తింది.

"ఈ నల్లది," అన్నారు చేతిలో జిప్పు చూపించి, "బాగాలేదమ్మా. మధ్యలో ఒకచోట రన్నర్ పట్టేస్తోంది. వచ్చిన రోజే పట్టేసింది. నువ్వేమో అంత ఆశగా అడుగుతుంటివి, చెప్పబుద్ధి కాలేదు."

నల్లది ఓకే మేడమ్ పంపినది, గోధుమరంగుది ప్రశ్నలాయన పంపినది. ఆమె ఏడుస్తూనే నవ్వింది. ముక్కు తుడుచుకుని, "మరి గోధుమరంగుది?" అంది.

"అది మాత్రం బాగుంది. నిజంగా."

మర్నాడు భర్త సెలవు పెట్టాడు. అరలు వెనకగదిలోకి, బల్ల వీధిగదిలోకి కదిలాయి. మామగారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. కొడుకు బల్ల దించబోతే, "అక్కడ కాదు," అన్నారు. కొడుకు ఉలిక్కిపడి తండ్రి మొహం చూశాడు. "ఇంకాస్త ఎడమకి. ఊహుఁ, అంత కాదు. నీడ పడుతోంది, కనపళ్ళా?" ఆ ఇంట్లో అన్ని కాదులు ఒక్కసారిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. భర్త చెమటలు కక్కుతూ బల్లను అటూ ఇటూ జరుపుతున్నా, పెళ్ళాం వైపు చూసి కళ్ళతో నవ్వాడు.

కోడలు ప్రశ్నలాయనకు జవాబు రాయడానికి కూర్చుంది. ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ ఒక్కటీ వదలకుండా రాసింది. ఏ గుడ్డకు కుడతారో, ఎంత బరువు మోస్తారో, వర్షంలో ఎవరు తిరుగుతారో. మొదటి విడత కొంచెమే తెప్పించుకుంటానని, అది చూశాకే మిగతాదని చివర రాసింది. ఆయన నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. ఈసారి ఆమెకు విసుగు రాలేదు.

రాయడం అయ్యాక వీధిగదిలోకి తొంగి చూసింది. గాజు గ్లాసు తుడిచి పక్కన పెట్టి ఉంది. కిటికీ వెలుతురంతా బల్ల మీదే పడుతోంది. మామగారు కంటికి భూతద్దం తగిలించుకుని గడియారం మీదికి వంగి ఉన్నారు.

"కాఫీ తెమ్మంటారా మామయ్యగారూ?"

"వద్దు," అన్నారాయన, తలెత్తకుండానే.

ఆమె వెంటనే వెళ్ళిపోలేదు. గుమ్మానికి ఆనుకుని, తన మొహంలోకి వచ్చిన నవ్వును దాచుకోకుండా, ఆయన పనిచేసుకోవడం చూస్తూ కాసేపు అక్కడే నిలబడింది.