ఎడమ గది, కుడి గది

నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషిని. ఇల్లు, ఇల్లాలు, ఇద్దరు పిల్లలు, కడుపుకి లోటు లేని తిండి. అన్నిటికీ వరసగా కృతజ్ఞతలు చెప్పుకుంటూ వచ్చి ఒక్కచోట ఆగిపోతాను. నేను పనిచేసిన చెప్పుల కార్ఖానా మూతపడకపోయి ఉంటే నా భార్య నాకు దొరికేది కాదు. అది మూతపడటం వల్లే ఎన్నో ఇళ్లలో పొయ్యి ఆరిపోయింది. మరి అందుకు కూడా దేవుడికి దణ్ణం పెట్టవచ్చా? పెడితే ఆ ఇళ్లవాళ్ల మొహం చూడలేను. పెట్టకపోతే పక్కన నిలబడ్డ భార్య మొహం చూడలేను. ఏళ్ల తరబడి ఈ అనుమానం నాతోనే ఉంది.

మా యజమానికి దొంగల భయం జాస్తి. అందుకని ఎడమకాలి చెప్పులు ఒక గదిలో, కుడికాలివి ఇంకో గదిలో కుట్టించేవాడు. ఒంటి చెప్పు ఎవడెత్తుకుపోతాడని ధీమా. రెండు గదులకీ వేరే గుమ్మాలు, వేరే భోజనం గంటలు. జత కలిపే గది తాళం ఆయన జేబులోనే ఉండేది. నేను ఎడమ గదిలో కుట్టేవాణ్ని. కుడి గదిలో ఎవరున్నారో ఎరగను. గోడ అవతలినుంచి ఒక నవ్వు మాత్రం వినపడేది.

ఆ ఏడు బజారు పడిపోయింది. ముందు ఆర్డర్లు ఆగాయి, తర్వాత జీతాలు. జత కలిపిన సరుకంతా అప్పులవాళ్లు లారీకెత్తుకుపోయారు. ఒకరోజు పొద్దున్నే యజమాని గేటు దగ్గర నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, "ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు. ఎవరి గదిలో ఉన్నవి వాళ్లు పంచుకోండి" అని కారెక్కి వెళ్లిపోయాడు.

ఎడమ గదివాళ్లకి ఎడమ చెప్పులు. కుడి గదివాళ్లకి కుడి చెప్పులు. జిగురు కలిపే పెద్దాయనకి జిగురు డబ్బాలు.

కొందరు ఏడవలేక నవ్వారు. కొందరు వాటా చెప్పుల్ని గేటుకేసి కొట్టి పోయారు. నేను బస్తా భుజానేసుకుని కదులుతుంటే ఒకమ్మాయి అడ్డొచ్చింది. ఆమె దగ్గరా ఒక బస్తా ఉంది.

"ఏమండీ, మీది ఎడమా?"

"చూస్తే తెలియట్లేదా?"

"మొహం చూస్తే ఎలా తెలుస్తుంది? బస్తా విప్పండి."

"ఎందుకు?"

"నావన్నీ కుడివి. ఒంటికాలి మీద నడిచే జనం ఈ ఊళ్లో ఎంతమంది ఉంటారంటారు?"

అని తనే నవ్వింది. గోడ అవతలి నవ్వు అదే.

"సరే, పార్ట్‌నర్‌షిప్. కానీ అమ్మేది నేను, డబ్బు నా దగ్గరుంటుంది" అన్నాను.

"ఎందుకో? మీ గదిలో ఏమైనా బంగారు చెప్పులు కుట్టారా?"

బస్‌స్టాప్ పక్కన ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి కూర్చున్నాం. బస్తా ఖాళీ అయ్యేలోగా ఇంకో పని దొరక్కపోతే వాళ్లమ్మ తనని ఒక పిన్నిగారి ఊరు తీసుకుపోతుందట. ఆ పిన్నిగారింట్లో అంట్లు తోమడానికి మనిషి కావాలట. ఆ సంగతి నవ్వకుండా చెప్పింది.

కుడి గదిలో రంగు చిక్కగా కలిపేవారు, మా గదిలో పలచన. కొనడానికొచ్చినాయన రెండూ పక్కపక్కన పెట్టి, "ఇవి రెండూ ఒకే జతేనా?" అన్నాడు.

"ఎడమది కాస్త ఎండలో తిరిగిందనుకోండి, బాబాయ్" అందామె. ఆయన నవ్వి కొనుక్కున్నాడు.

తొలి వానకే మా పరువు పోయింది. అట్టలు ఊడిపోయాయి. ఆ బాబాయే తిరిగొచ్చి చెప్పు నా ముందు ఊపాడు. "నోరు తెరిచింది చూడు. ఇది తిడుతోంది నన్నా, నిన్నా?"

"మమ్మల్నే లెండి" అంది ఆమె.

డబ్బు తిరిగి ఇచ్చేశాం. మా డబ్బుల పెట్టె ఖాళీ. జిగురు కొనే స్తోమత లేదు. తప్పు ఎడమ గదిదా, కుడి గదిదా అని పోట్లాడుకుంటూనే వెనక సందులో జిగురు పెద్దాయన ఇంటి గుమ్మం దాకా వెళ్లాం. గుమ్మంలో కూర్చుని తన వాటా డబ్బాలు ముందు పెట్టుకున్నాడు. చాలావాటిలో జిగురు అప్పటికే రాయి అయిపోయింది. ఒక్కోటీ చెవి దగ్గర ఊపి చూసి, ఒక చిన్నది పట్టుకుని లోపలికి వెళ్లాడు. లోపల ఆయన భార్య దగ్గుతోంది. ఏదో మాట్లాడుకున్నారు. బయటికొచ్చి డబ్బా నా చేతిలో పెట్టాడు.

"రెండ్రోజుల్లో ఇంకోటి కొనిచ్చేస్తాం, పెద్దాయనా."

"సరేలే. అట్టలకి ముందు తడి ఆరనివ్వండి. మీకు తొందరెక్కువలా ఉంది."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

చెప్పినట్టే డబ్బా కొని తీసుకెళ్లేసరికి ఆ గదికి తాళం ఉంది. ఖాళీ చేసి వెళ్లిపోయారన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

అతికిన చెప్పులన్నీ అమ్ముడుపోయాయి. ఒక సాయంత్రం వానలో రెండు బస్తాలూ దులిపి చూశాం.

"అయిపోయినట్టే" అంది. "నావి చిన్న సైజులు, మీవి పెద్దవి. వీటిని వేసుకునే మనిషి ఇంకా పుట్టలేదు."

"ఇంకో నాలుగు రోజులు కూర్చుందాం. పుడతాడేమో."

"మీకు అమ్మాలని ఉందా, కూర్చోవాలని ఉందా?"

"కూర్చోవాలని."

పట్టా మీద నీళ్లు చేత్తో తోసింది. "ఆ మాట మా అమ్మతో చెప్పండి. నాతో ఏముంది, నేనెప్పుడో కూర్చున్నాను."

వాళ్లమ్మ నన్ను నిలబెట్టే అడిగింది. "ఉద్యోగం?"

"లేదండీ."

"ఇల్లు?"

"అద్దె గది."

"మరేముంది నీ దగ్గర?"

"ఎడమవి కొన్ని మిగిలాయండీ."

ఆవిడ నవ్వలేదు. కూతురి వైపు చూసింది. "అంట్లు తోమితే నీ ఇంట్లోనే తోముతుంది. అదొక్కటే తేడా. కూర్చో నాయనా" అంది. మాకు దొరికిన ఆశీర్వాదం అదే.

తర్వాత చెప్పులు బాగుచేసే బడ్డీ, ఆ తర్వాత చిన్న కొట్టు. మొన్న వానల్లో నా భార్య గొడుగు బాగుచేయించుకు రావడానికెళ్లి ఆదరాబాదరాగా తిరిగొచ్చింది. "అక్కడ మెట్ల కింద గొడుగులు బాగుచేసే ఆయన జిగురు డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడండీ."

కొట్లో ఉన్న జిగురు డబ్బా పట్టుకుని ఇద్దరం వెళ్లాం.

"పెద్దాయనా, మీ బాకీ."

ఆయన కళ్లు చిట్లించి చూశాడు. "ఎడమా, కుడీ. ఒకే ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నాం. పెద్దమ్మ ఎలా ఉన్నారు?"

"ఆ నెలలోనే పోయింది." గొడుగు ఊచ సరిచేస్తూ అన్నాడు. "మీకిచ్చిన డబ్బా ఒక వడ్రంగికి అమ్ముతానని నేను మాటిచ్చింది. సాయంత్రం వచ్చాడు, లేదన్నాను. దాంతో ఆవిడ బతికేదని కాదు. ఒకరోజు మందు వచ్చేది."

నా భార్య నా చెయ్యి పట్టుకుంది.

"మరి మాకెందుకిచ్చారు?" అన్నాను.

"నేనివ్వనన్నాను. ఆవిడే ఇమ్మంది. గుమ్మంలో మీరు పోట్లాడుకుంటుంటే విని, మంచం మీద ఆవిడకి నవ్వొచ్చిందట."

ఇక ఆపుకోలేక, ఇన్నేళ్ల నా అనుమానం ఆయన్నే అడిగేశాను. ఆ కార్ఖానా మూతపడినందుకు దణ్ణం పెట్టవచ్చా అని.

ఆయన ఊచ పక్కన పెట్టాడు. "పెట్టుకో. నీకు మేలు జరిగింది. జరగలేదంటే అబద్ధం కదా. నన్ను మాత్రం పక్కన నిలబడమనకు."

డబ్బా అందుకుని చేతిలో బరువు చూశాడు. "ఇది పెద్దది. నేనిచ్చింది చిన్నది."

"ఇన్నేళ్లయింది కదా, ఉంచుకోండి."

"వడ్డీ నాకొద్దు."

పక్కనున్న ఖాళీ చిన్న డబ్బా తీసి, అందులోకి నిండా ఒంపుకున్నాడు. అంచుకి అంటిన జిగురు వేలితో తుడిచి, మూత బిగించి, మిగిలింది నా భార్య చేతికిచ్చాడు.

"సరిపోయింది" అన్నాడు.