ఆఖరి బల్ల మీది చొక్కా

మూతబడిన బడిలో ఐదో తరగతి గది అది. బెంచీలన్నీ గోడవారకి జరిపి, పొడవాటి బల్లలు వేశారు. వాటి మీద వరసగా బట్టలు, ఒక్కోదానికీ అంకె వేసిన చీటీ. కలరా ఉండల ఘాటు కింద పచ్చిమట్టి వాసన ఇంకా పోలేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట పై వీధి వాళ్ళు కింది వీధి మీద పడి, రెండు రోజుల్లో ముప్ఫై ఎనిమిది మందిని మాయం చేశారు. మొన్న ఎవరో పునాదులు తవ్వుతుంటే ఆ గొయ్యి బయటపడింది. ఎముకలు చూసి ఎవరివో పోల్చుకోలేకపోయారు. బట్టలు చూసి చెప్పగలవాడు మాత్రం ఒకడున్నాడు. రెండు వీధులకీ కుట్టిన టైలరు.

"తొందరేం లేదు మాస్టారూ, నిదానంగా చూడండి," అంది విచారణాధికారి.

కుట్టు మీద వేలు పెడితే చాలు, మనిషి కళ్ళ ముందు నిలబడేవాడు. "ఇది పాలాయనది మేడమ్. కుడిభుజం వాలుగా ఉంటుందని లోపల పట్టీ వేశాను. ఇది టీచరు గారిది. సుద్దముక్కల కోసం జేబు పెద్దది పెట్టించుకున్నారు."

అతను ఒక్కొక్కరినీ చెబుతుంటే, వరండాలో కూర్చున్నవాళ్ళలో ఒక్కొక్కరే లేచి ఏడ్చారు.

ఆఖరి బల్ల మీద ఒకే చొక్కా ఉంది.

"ఇది ఎవరి ఒంటి మీదా లేదు," అందామె గొంతు తగ్గించి. "ఉండచుట్టి అందరి పైన పడేశారు. రక్తం అంటిందని విప్పి పారేసినట్టుంది. ఇది ఎవరిదో తెలిస్తే, గొయ్యి పూడ్చింది ఎవరో తెలుస్తుంది."

జేబు కుడివైపు ఉంది. ఎడమచేతివాటం మనిషి. ఆ జేబు టైలరే కుట్టాడు, ఒక్కడి కోసం. నాన్న పోయాక తనని చేరదీసి, మిషను ముందు కూర్చోబెట్టి పని నేర్పించిన బావ... అక్క మొగుడు.

"నా కుట్టు కాదు మేడమ్," అన్నాడు.

ఆ సాయంత్రం కొట్లో దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. వీధంతా చీకటి. మిషను మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పచ్చిమట్టి వాసన ముక్కుని వదల్లేదు. చేతులకి అంటిందేమోలే అనుకున్నాడు.

"కొలతలు తీసుకోవాలి మాస్టారూ..."

అద్దం దగ్గర ఎవరో నిలబడ్డారు.

"కరెంటు రానివ్వండి."

"మాకు అక్కర్లేదు..."

టేపు తీసుకుని తడుముకుంటూ వెళ్ళాడు. ఛాతీ చుట్టూ తిప్పాడు. చల్లగా ఉంది. "ఊపిరి బిగపట్టకండి," అన్నాడు అలవాటుగా.

"బిగపట్టలేదు మాస్టారూ... లేదు."

అతని వేళ్ళు భుజం మీదికి వెళ్ళాయి. కుడిభుజం... వాలుగా ఉంది.

టేపు జారిపోయింది. అవతల ఇంకా ఎవరో జరిగారు. ఆ వెనక ఇంకొకరు. కొట్టు నిండిపోయింది. అంతమందిలో... ఒక్క ఊపిరి చప్పుడు లేదు.

"అందరివీ చెప్పారు," చెవి పక్కనే గుసగుస. "ఆఖరిది చెప్పలేదేం?"

"మా బావది!" అరిచాడు. "మా బావది..."

కరెంటు వచ్చి దీపం వెలిగింది. ఎవరూ లేరు. అతని పది గోళ్ళ కిందా మట్టి మాత్రం ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా బడికి పరిగెత్తాడు.

బావని మర్నాడే తీసుకెళ్ళారు. ఆయన కాదనలేదు. "నువ్వేనా చెప్పింది?" అని మాత్రం అడిగాడు. కింది వీధి వాళ్ళు తమ వాళ్ళని పేరుపేరునా సాగనంపుకున్నారు. టైలరుని చూస్తే చేతులు పట్టుకునేవారు. అక్క మాత్రం మాట్లాడడం మానేసింది.

మూడు నెలలకి ఒక మధ్యాహ్నం అక్క తనంతట తనే కొట్లోకి వచ్చింది. జైలు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బావ ఎలా ఉన్నాడక్కా?"

"ఒక్కరినే ఉంచారురా. పెద్ద గదే." స్టూలు మీద కూలబడింది. "కానీ ఆయన గోడకి అతుక్కుపోయి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. కాస్త జరగండి, కాస్త జరగండి అంటున్నారు. ఎవరినిరా?"

టైలరు తన గోళ్ళకేసి చూసుకున్నాడు.

"నేను వచ్చేస్తుంటే ఒకటే మాటన్నారు." అక్క కొట్టు తలుపు వైపు చూసింది. "తలుపు వేసెయ్యమను... ఇంకా వస్తున్నారు, అని."